శ్రోత అభిరుచి ఎవరిది?

1

పాటను గురించి మన పత్రికల్లో విమర్శ లేకపోలేదు. కాని ఆ విమర్శ దాదాపు యావత్తూ పాట రాసినవాణ్ణి గురించీ, బాణీ కట్టినవాణ్ణి గురించీ, పాడినవాణ్ణి గురించీ సాగింది. వినేవాణ్ణి గురించి మనం ఆలోచించింది తక్కువ. శ్రోత అనేవాడు ఎప్పుడూ సిద్ధంగా వుంటాడనీ, మంచిపాట వినిపిస్తే బాగుపడతాడనీ, చెడ్డపాట వినిపిస్తే చెడిపోతాడనీ మనలో చాలామందికి ఒక నమ్మకం వున్నది. శ్రోత కూడా తయారయేవాడే. అతన్ని తయారుచేసే సాధనాలు మారితే అతని చెవి కూడా మారుతుంది. ఈ సంగతి పట్టించుకున్న విమర్శ మనకు చాలినంత లేదు. ఆ లోటు ఈ ఒక్క వ్యాసంతో తీరదు. అది ఎక్కడ వున్నదో చూపగలిగితే చాలుననుకుంటాను.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురు కాలేదు, నా ఫోనులో ఎదురయింది. నేను జంగారెడ్డిగూడెంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు పాఠం చెబుతాను. ఇంటర్నెట్ మీద పాటలు వినిపించే స్ట్రీమింగ్ కంపెనీలు ఏటా సంవత్సరాంతంలో, మనం ఏడాది పొడుగునా ఏమేమి విన్నదీ లెక్కగట్టి ఒక పద్దు పంపిస్తాయి. కిందటిసారి నాకు వచ్చిన పద్దు చూసి సిగ్గుపడ్డాను. తరగతిలో నేను ఎంకి పాటల గురించి చెబుతాను, నాజర్ బుర్రకథ గురించి చెబుతాను, ఉద్యమగేయాల గురించి చెబుతాను. పద్దులో మొదటి అయిదు పాటలూ నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లోని సినిమా పాటలు! వాటిలో రెంటిని విద్యార్థుల ముందు వెక్కిరించిన ఘనత కూడా నాకున్నది.

దీనికి రెండు సమాధానాలు సులభంగా దొరుకుతాయి. ఒకటి, నేను కపటిని, చెప్పేదొకటి, వినేదొకటి. రెండు, యంత్రం లెక్క తప్పు. రెండూ నిజం కావు. లెక్కలో తప్పు లేదు, ఆ పాటలు నేను విన్నాను. ఎప్పుడు విన్నాను? జవాబుపత్రాలు దిద్దే రాత్రులు విన్నాను. రోజుకు నాలుగు తరగతులు చెప్పి, ఇంటికొచ్చి, కట్టలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, బుద్ధిని ఏమీ అడగని పాట ఏదో ఒకటి చెవిలో పడుతూ వుండాలి. నాజర్ బుర్రకథ పెట్టుకుని పేపర్లు దిద్దటం సాధ్యం కాదు; అది మనిషిని కూర్చోబెట్టి వినమంటుంది. అంచేత యంత్రం నా పేర రాసిపెట్టిన అభిరుచి వస్తుతః నా అభిరుచి కాదు, నా అలసట. ఈ తేడా నాకొక్కడికే సంబంధించినదయితే దాని మీద వ్యాసం అక్కర్లేదు. ఇది మన కాలపు శ్రోతలందరి సమస్య అని నా అభిప్రాయం.

2

అభిరుచి మనిషితో పుట్టదు. మార్క్స్ 1857లో రాసిపెట్టుకున్న ఉపోద్ఘాతంలో, ఉత్పత్తి మనిషికి వస్తువును సమకూర్చటంతో ఆగదనీ, ఆ వస్తువుకు తగిన మనిషిని కూడా తయారుచేస్తుందనీ ప్రతిపాదించాడు. కళ విషయంలో కూడా అంతేనని అక్కడే చెప్పాడు. తెలుగు పాట చరిత్రలో దీనికి నిదర్శనాలు కావలసినన్ని వున్నాయి.

గ్రామఫోను ప్లేటు సంగతే తీసుకుందాం. 78 చుట్ల ప్లేటు ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలు తిరిగేది. పౌరాణిక నాటకంలో పద్యం అలా వుండేది కాదు. నటుడు పద్యం ఎత్తుకుని, రాగం తీసి, జనం ‘వన్స్‌మోర్’ అంటే మళ్లీ మొదటినించీ అందుకునేవాడు. అర్ధరాత్రి గడిచినా హరిశ్చంద్రుడు కాటికి చేరేవాడు కాదు. ఆ పద్యమే ప్లేటు మీదికి ఎక్కవలసి వచ్చేసరికి ఆలాపన కురచ అయింది. ప్లేటు విని పద్యం నేర్చుకున్న తరం, పద్యం అంటే అంతే వుంటుందనుకున్నది. ఎవరూ ఎవరినీ మోసం చెయ్యలేదు. పాత్రను బట్టి నీరు ఆకారం దాల్చింది. ఆ ఆకారమే నీటి సహజరూపమని తాగేవాడు అనుకున్నాడు.

తరవాత రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటి వారి చేతుల మీదుగా తెలుగులో లలితసంగీతానికి రేడియో చేసిన సేవను ఎవరూ కాదనలేరు. కచేరీకి టిక్కెట్టు కొనలేనివాడు, సభలోకి అడుగు పెట్టటానికి కులం అడ్డువచ్చినవాడు, పంచాయతీ రేడియో ముందు నిలబడి త్యాగరాజ కృతి వినగలిగాడు. అయితే ఆ రేడియో ప్రభుత్వం చేతిలో వున్నది. 1952లో, సమాచార ప్రసార శాఖ మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో, జనం అభిరుచిని సంస్కరించే వుద్దేశంతో ఆకాశవాణి సినిమా పాటలను దాదాపు బహిష్కరించింది. జనం సంస్కరింపబడలేదు. రేడియో ముల్లు సిలోను వైపు తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ప్రారంభించి, ఆ పాటలనే ప్రభుత్వం తిరిగి వినిపించవలసి వచ్చింది. అభిరుచిని పైనుంచి శాసనం ద్వారా దిద్దబోయే పండితులకు ఈ అయిదేళ్ల చరిత్ర మంచి గుణపాఠం. మనం కూడా, అంటే అభ్యుదయ విమర్శకులం కూడా, ఆ పండితుల జాబితాలో అప్పుడప్పుడు చేరకపోలేదు.

1980లలో వచ్చిన టేపు క్యాసెట్టు పరిస్థితిని కొంత తలకిందులు చేసింది. ప్లేటు తయారుచెయ్యాలంటే కర్మాగారం కావాలి. క్యాసెట్టు నకలు తియ్యాలంటే రెండు టేపురికార్డర్లు చాలు. గద్దర్ పాటలూ, ఊరి భజనమండలి పాటలూ, చర్చి పాటలూ, పద్యనాటకాలూ కంపెనీల గడప తొక్కకుండానే పల్లెలు తిరిగాయి. పాటల కంపెనీలు దాన్ని దొంగతనమన్నాయి. దొంగతనం వున్న మాట నిజమే. కాని తెలుగునాట శ్రామిక జనం పాట, పెట్టుబడి అనుమతి లేకుండా శ్రోతను చేరటం ఆ సాధనం వల్ల సాధ్యమయింది.

నా తరానికి తెలిసినది దాని తరవాతి ఘట్టం. నేను డిగ్రీ చదివే రోజుల్లో జంగారెడ్డిగూడెం బస్టాండు దగ్గర సెల్‌ఫోను దుకాణాల్లో మెమరీ కార్డులో పాటలు ఎక్కించేవాళ్లు. పదో ఇరవయ్యో ఇస్తే కార్డు నింపి ఇచ్చేవాళ్లు. దుకాణంలో కుర్రాడు మన మొహం చూసి పాటలు ఎంచేవాడు. పొగాకు రైతు వస్తే పద్యాలూ, ఘంటసాల పాటలూ ఎక్కించేవాడు. లారీ డ్రైవరుకు వేరే వరస. నాకు మాత్రం ఒకసారి అడక్కుండానే కిన్నెర పాటలు రెండు ఎక్కించి, ‘తెలుగు చదువుతున్నారు కదండీ, వినండి’ అన్నాడు. నాకు జానపద వాద్యాల మీద ఆసక్తి కలగటానికి విశ్వవిద్యాలయం కన్న ముందు కారకుడు ఆ కుర్రాడే.

3

ఇక స్ట్రీమింగ్. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర పడిపోయిన తరవాత, మెమరీ కార్డు దుకాణం రెండు మూడేళ్లలో మూతపడింది. యూట్యూబు అంతకు ముందునుంచీ వున్నది. 2018లో సావన్, జియో మ్యూజిక్కుల కలయిక ప్రకటితమయింది. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశంలోకి వచ్చింది. ఇవాళ నా విద్యార్థుల్లో పాటను ‘కొనటం’ అనే మాటకు అర్థం తెలిసినవాడు ఒక్కడూ లేడు. పాట కుళాయి నీళ్లలా వస్తున్నది.

దీనివల్ల కలిగిన మేలును తక్కువ చేసి చెప్పటం అభ్యుదయం కాదు. ప్రపంచంలో రికార్డయిన సంగీతంలో చాలా భాగం ఇవాళ మెట్టప్రాంతపు రైతుకూలీ కొడుకుకి అందుబాటులో వున్నది. రావు బాలసరస్వతీదేవి లలితగీతాల కోసం నేను విద్యార్థిగా ఎంతో వెతికాను. ఇప్పుడు క్షణంలో దొరుకుతున్నాయి. చిలీ దేశంలో 1973 సెప్టెంబరులో సైనిక నియంతలు చంపిన విక్టర్ జారా గొంతు నేను మొదట విన్నది ఈ సాధనం ద్వారానే. అంతకు ముందు అతను నాకు కవితల్లో వచ్చే పేరు మాత్రమే.

అయితే దొరకటం వేరు, తారసపడటం వేరు. కోట్ల పాటల్లో ఏది నాకు తారసపడాలో నిర్ణయించేది ఎవరు? మెమరీ కార్డు కుర్రాడి స్థానంలో ఇప్పుడు లెక్కలు వేసే యంత్రం కూర్చున్నది. దాని పద్ధతి అర్థం చేసుకోవటం కష్టం కాదు. నేను విన్న పాటలనే విన్న మరి కొన్ని లక్షలమంది ఇంకేమేమి విన్నారో చూసి, వాటిని నాకు ఇస్తుంది. పాట ధ్వనిని కూడా కొలుస్తుంది: వేగమెంత, బిగ్గర ఎంత, వాద్యాలెన్ని. నేను ఏ పాటను ఎన్ని సెకన్లకు దాటేశానో రాసిపెట్టుకుంటుంది. ముప్ఫయి సెకన్లు వింటేనే విన్నట్టు లెక్క. అంచేత పల్లవికి ముందు వచ్చే వాద్యసంగీతం చిక్కిపోయింది, పల్లవిలోనే పట్టు వెయ్యాలన్న తొందర పెరిగింది. ప్లేటు ఆలాపనను కోసినట్టు, ఇది ఉపోద్ఘాతాన్ని కోస్తున్నది.

ఈ పద్ధతికి పోలిక తెలుస్తుంది గాని, సంబంధం తెలియదు. ఒక ఉదాహరణ చెబుతాను. భూపేన్ హజారికా 1950 ప్రాంతంలో న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ నీగ్రో గాయకుడు పాల్ రోబ్సన్ ప్రభావంలో పడ్డాడు. మిసిసిపీ నది మీద రోబ్సన్ పాడిన పాట, బ్రహ్మపుత్రను నిలదీసే అస్సామీ పాటగా పుట్టింది; అదే తరవాత బెంగాలీలోనూ, హిందీలోనూ గంగను నిలదీసింది. అమెరికా ప్రభుత్వం 1950లో రోబ్సన్ పాస్‌పోర్టు రద్దు చేసి 1958 దాకా అతన్ని దేశం దాటనివ్వలేదు. మనిషిని ఆపింది గాని పాటను ఆపలేకపోయింది. నేను హజారికా పాట నెలల తరబడి విన్నాను. యంత్రం నాకు ‘నెమ్మది పాటలు’ ఇచ్చింది, ‘వాన సాయంత్రం పాటలు’ ఇచ్చింది. రోబ్సన్‌ను ఇవ్వలేదు. హజారికా వినేవాళ్లంతా రోబ్సన్‌ను వింటూ వుంటే ఇచ్చేదే. వినటం లేదు కనక ఇవ్వలేదు. రోబ్సన్ గురించి నాకు చెప్పింది పార్టీ కార్యాలయంలో గ్రంథాలయం చూసే ఒక పెద్దాయన. ఆ రెండు పాటల మధ్య వున్నది చరిత్ర, దాస్యం, నది ఒడ్డున శ్రమించే మనిషి. ఇవి వేగం కొలిచే యంత్రానికి అందవు. విమర్శకు అందుతాయి, అందాలి కూడా.

4

అలసట విషయానికి మళ్లీ వస్తాను. మా ప్రాంతం వర్జీనియా పొగాకుకు పేరుపడ్డది. ఆకు కొట్టే రోజుల్లో బ్యారన్ల దగ్గర ఆడకూలీలు పచ్చాకును కర్రలకు కడుతూ వుంటారు. పక్కన గుంజకు ఒక ఫోను వేలాడుతూ వుంటుంది. పాట తరవాత పాట అదే మారుతుంది. చేతులు జిగురుగా వుంటాయి కనక ఎవరూ ఫోను ముట్టుకోరు. రాత్రి బ్యారన్ మంట చూసుకునే మనిషికి కూడా ఫోనే తోడు. నిద్ర రాకుండా వుండటం కోసం అతను పాటలు పెట్టుకుంటాడు. ఈ వినికిడి అంతా ఎక్కడో లెక్కకు ఎక్కుతున్నది. ఆ కూలీలు ‘ఇష్టపడ్డ’ పాటలుగా ఎక్కుతున్నది. జిగురు చేతులవల్ల మార్చలేకపోయిన పాట కూడా నచ్చిన పాటే!

ఇక్కడ ఒక భ్రమను తొలగించుకోవాలి. ఈ ఫోను వచ్చి ఆ కూలీల పనిపాటలను చంపేసిందని మా సహోద్యోగి ఒకరు బాధపడుతూ వుంటారు. డెల్టాలో కోతల పాటలు పోయింది ఫోను వల్ల కాదు. చేను కోసేది మనుషులు కాక యంత్రమైతే కోతపాట ఎవరు పాడాలి? పని మారింది, పాట పోయింది. పోయిన పాటను తలుచుకుని ఏడ్చేవాడు, ఆ పాటతోబాటు వుండిన వెట్టినీ, ఎండలో వంగిన నడుములనూ కూడా తలుచుకోవాలి. మనం తిరిగి రావాలని కోరేది ఆ శ్రమను కాదు. ఆ పాటలో వుండిన ఒక గుణాన్ని: పాడేవాళ్లూ వినేవాళ్లూ ఒక్కరే కావటాన్ని.

అలసిన మనిషికి అలసట తీర్చే పాట కావాలి. అది తప్పు కాదు, అది అతని హక్కు. తప్పు ఎక్కడ వున్నదంటే, అతని అలసటను కొలిచి, దాన్నే అతని స్వభావంగా ప్రకటించి, రేపు కూడా అదే సరుకు పోయటంలో వున్నది. రోజుకు పన్నెండు గంటలు పనిచేసే మనిషికి ఎనిమిది గంటల పని వుంటే అతను ఏ పాట వినేవాడో ఈ లెక్కలో రాదు. అతను ఇవాళ ఏమిటో మాత్రమే యంత్రానికి తెలుసు. అతను ఏమి కాగలడో తెలియదు. సాహిత్య విమర్శ ఎప్పుడూ పాఠకుణ్ణి అతను కాగల మనిషిగా భావించి మాట్లాడుతుంది. ఈ రెంటికీ మధ్య రాజీ లేదు.

ఈ అలసట చుట్టూ ఒక పరిశ్రమే వెలిసింది. ‘చదువుకునేటప్పుడు’, ‘నిద్రపోయేటప్పుడు’, ‘పనిచేసేటప్పుడు’ అంటూ పాటల జాబితాలు తయారవుతున్నాయి. లిజ్ పెల్లీ అనే అమెరికన్ పాత్రికేయురాలు 2025లో ప్రచురించిన ‘మూడ్ మషీన్’ పుస్తకంలో, ఇటువంటి జాబితాలలోకి మారుపేర్లతో చవకగా చేయించిన సంగీతం ఎలా చేరిందో స్పాటిఫై విషయంలో వివరించింది. శ్రోత పాటను పట్టించుకోనప్పుడు పాడినవాడెవడైతేనేం? ఈ వాదానికి సహజమైన ముగింపు అదే. జర్మన్ తాత్త్వికుడు అడోర్నో 1938లోనే, సరుకైపోయిన సంగీతం వినే శక్తినే క్షీణింపజేస్తుందని రాశాడు. కాని ఆ కోపంలో ఆయన జాజ్ సంగీతాన్ని కూడా తోసిపుచ్చాడు. అణగారిన ఒక జాతి గొంతు అందులో వున్నదని గుర్తించలేకపోయాడు. అతని హెచ్చరికను తీసుకుందాం, అతని చెవిటితనాన్ని వదిలేద్దాం.

5

డబ్బు సంగతి చూడకుండా ఈ చర్చ పూర్తి కాదు. తమ ఆదాయంలో సుమారు మూడింట రెండు వంతులు హక్కుదారులకే ఇస్తున్నామని స్పాటిఫై చెబుతుంది. నిజమే కావచ్చు. ఎలా పంచుతున్నారన్నది ప్రశ్న. నేను నెలకు వంద రూపాయలు చందా కట్టి, నెలంతా నాజర్ బుర్రకథ ఒక్కటే విన్నాననుకుందాం. నా డబ్బులో హక్కుదారుల వాటా నాజర్ బుర్రకథకు పోదు. అందరి డబ్బూ ఒక కుప్పలో పడుతుంది. మొత్తం వినికిడిలో ఎవరి పాట ఎన్నో వంతు అయితే కుప్పలో వారికి అన్నో వంతు. అంటే నేను కట్టినదాంట్లో దాదాపు అంతా నేను ఎన్నడూ వినని పాటల యజమానులకు పోతుంది. పాతకాలంలో పది పుట్ల రైతు గాదె ముందు పది కుంచాల రైతు పంట కూడా కొలవటం లాంటిదిది. ఇంతకన్న వేరు మార్గం లేదనటానికి వీల్లేదు. సౌండ్‌క్లౌడ్ అనే సంస్థ 2021లో, ఏ శ్రోత డబ్బు ఆ శ్రోత విన్నవారికే చేరే పద్ధతి కొందరు కళాకారుల విషయంలో ప్రవేశపెట్టింది.

2024 నుంచి స్పాటిఫైలో మరో నియమం వచ్చింది. అంతకు ముందు పన్నెండు నెలల్లో వెయ్యిసార్లు వినబడని పాటకు రికార్డు హక్కు కింద పైసా రాదు. ఊళ్లో పదిమందికి తెలిసిన భాగవతుడి పాట వెయ్యి ఎప్పటికి దాటాలి? పరీక్షలో పాసు మార్కులు విన్నాం. కూలికి కూడా పాసు మార్కులు పెట్టటం ఇప్పుడే చూస్తున్నాం. 2020లో ఆ కంపెనీ ప్రకటించిన మరో ఏర్పాటు ప్రకారం, తక్కువ ప్రతిఫలానికి ఒప్పుకున్నవారి పాటను యంత్రం ఎక్కువమంది ముందు పెడుతుంది. అమెరికన్ రేడియోలో డబ్బు పుచ్చుకుని పాటలు వేసే వ్యవహారం 1959లో బయటపడ్డప్పుడు అక్కడి శాసనసభ విచారణ జరిపింది. ఇప్పుడదే పని బహిరంగంగా, నిబంధనల రూపంలో జరుగుతున్నది. ‘మీ కోసమే’ అని నా ముందుకు వచ్చిన కొత్తపాట నా కోసమే వచ్చిందో, కూలి తగ్గించుకుని వచ్చిందో నాకు తెలిసే వీలు లేదు.

6

ఇంతవరకు చెప్పినదాన్నిబట్టి నేను ఈ సాధనాన్ని కేవలం వంచనగా భావిస్తున్నానని అనుకోవద్దు. నా అభిప్రాయాన్ని సరిచేసిన ఒక అనుభవం చెప్పాలి.

కిందటి సంవత్సరం బి.ఏ. విద్యార్థులకు ఒక పని ఇచ్చాను: ఈమధ్య మీకు కొత్తగా నచ్చిన పాట ఏదైనా తెచ్చి, ఎందుకు నచ్చిందో చెప్పండి. ఎక్కువమంది సినిమా పాటలు తెచ్చారు. కొందరు తెలంగాణ జానపదాల వీడియోలు తెచ్చారు. బుట్టాయగూడెం వైపు కోయగూడెం నుంచి వచ్చే ఒక విద్యార్థిని ఒక రేల పాట తెచ్చింది. కీబోర్డు దరువుతో, డీజే పద్ధతిలో, మూడు నిమిషాల పాట. నేను వెంటనే ఇది కల్తీ అని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి నిలబడి, ‘సార్, కల్తీయో కాదో నాకు తెలీదండి. హాస్టల్లో వుండి చదువుకున్నానండి నేను. మా పాటలు పాటలేనని ఎవరూ చెప్పలేదు. ఫోనులో వచ్చాకే ఇది మాదేనని తెలిసిందండి’ అన్నది.

నేను ఉపన్యాసం ఆపాను. పాఠ్యపుస్తకం చెయ్యని పని, నేను చెయ్యని పని, లాభం కోసం నడిచే ఒక యంత్రం చేసింది. ఈ నిజాన్ని మింగటం ఉపాధ్యాయుడికి కష్టమే, అయినా మింగాలి.

కథ అక్కడితో ఆగలేదు. దసరా సెలవుల్లో ఆ అమ్మాయి ఆ పాటను అమ్మమ్మకు వినిపించింది. ఆ ముసలామె విని, ‘సగమే పాడారు. రెండో వరస ఏదీ?’ అని అడిగిందట. ఆ పాట రెండు వరసల వాళ్లు ఒకరికొకరు జవాబిస్తూ ఆడుతూ పాడేది. మూడు నిమిషాల్లోకి కుదించినవాడు జవాబు వరసను తీసేశాడు. ఆ పాటలో ప్రశ్న మిగిలింది, జవాబు పోయింది. అమ్మమ్మ రెండో వరస పాడింది. మనవరాలు రికార్డు చేసింది. సెలవుల తరవాత తరగతిలో ఆ రెంటినీ పక్కపక్కన విన్నాం. నా పదేళ్ల ఉద్యోగంలో అంత మంచి విమర్శ తరగతి మరొకటి జరగలేదు. అందులో విమర్శకురాలు ఆ అమ్మమ్మ.

ఆ రికార్డును ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మరో విషయం బయటపడింది. జానపద గేయానికి కర్త లేడు కనక దాని రచన మీద ఎవరికీ హక్కు లేదు. కాని దాన్ని రికార్డు చేసినవాడికి, మన చట్టం ప్రకారం, ఆ రికార్డు మీద అది వెలువడినప్పటినుంచి 60 ఏళ్లు హక్కు వుంటుంది. పాటకు యజమాని లేడు, రికార్డుకు వున్నాడు. అడవి ఎవరిదీ కాదు గాని అడవి చుట్టూ వేసిన కంచె మాత్రం ఒకరిదన్నట్టు! ఆ గూడెంవాళ్లకు ఈ న్యాయం కొత్త కాదు.

పేరు వచ్చిన కళాకారుల విషయంలో కూడా ఈ సగం వరస సమస్య వున్నది. దర్శనం మొగులయ్య గారి కిన్నెర 2021లో ‘భీమ్లా నాయక్’ పాట ప్రారంభంలో మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. లక్షలమందికి పన్నెండు మెట్ల కిన్నెర అనేది ఒకటి వున్నదని తెలిసింది. అది లాభమే. కాని ఆయన తరతరాలుగా పాడుతున్న పండుగ సాయన్న కథను అందులో ఎందరు వెతికి విన్నారు? 2018లో తూర్పుగోదావరి వడిసలేరు గ్రామానికి చెందిన బేబీ గారు ఒక సినిమా పాట పాడిన వీడియో దేశమంతా తిరిగింది. జనం మెచ్చుకున్నారు, సంగీత దర్శకుడు ఎ.ఆర్. రెహమాన్ కూడా మెచ్చుకున్నారు. కష్టజీవి గొంతులో అంత సంగీతం వున్నదని ఆశ్చర్యపడ్డారు. ఆ ఆశ్చర్యంలోనే మన సమాజం లోపం వున్నది. గొంతు వుండటంలో వింతేమీ లేదు. అంతకాలం ఎవరూ వినకపోవటమే వింత.

7

ఈ విషయంలో రెండు వాదాలు వినబడుతున్నాయి. ఒకటి: సంగీతానికి ప్రజాస్వామ్యం వచ్చింది, ఎవరికి నచ్చింది వాళ్లు వింటున్నారు, విమర్శకుడితో ఇక పని లేదు. ‘నచ్చటం’ ఎలా తయారవుతుందో పైన చూశాం. ఓట్లు లెక్కపెట్టేవాడే అభ్యర్థులను నిలబెట్టి, వాళ్ల దగ్గర డబ్బు కూడా పుచ్చుకుంటే దాన్ని మనం ప్రజాస్వామ్యమనం.

రెండో వాదం: పాటలు చెడిపోయాయి, జనం చెవులు చెడిపోయాయి, ఆ ఘంటసాల ఎక్కడ, ఆ రేడియో ఎక్కడ. ఇది వయసు మళ్లినవారి వాదమని తోసెయ్యవద్దు; నాలాంటి ముప్ఫయిల్లో వున్నవారు కూడా సంతోషంగా దీన్ని ఆశ్రయిస్తున్నారు. ఇందులో వున్న దోషమేమిటంటే, ఇది నిన్నటి సాధనాన్ని సహజమైనదిగానూ, నేటి సాధనాన్ని కృత్రిమమైనదిగానూ భావిస్తుంది. ఘంటసాల పాట కూడా ప్లేట్ల కంపెనీ, సినిమా పెట్టుబడి, రేడియో కలిసి మోసుకొచ్చినదే. ఆ మోతలోనుంచి గొప్ప కళ పుట్టగలిగింది. ఇవాళ్టి మోతలోనుంచి పుట్టదని శపించే అధికారం మనకు లేదు.

మరి చెయ్యవలసినదేమిటి? 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది. ఆ ఏడే దేశంలో ప్రజానాట్యమండలి ఉద్యమం మొదలయింది. ఆనాటి కళాకారులు బుర్రకథ చెడిపోయిందని కూర్చోలేదు, బుర్రకథను ఉన్నదున్నట్టు పూజించలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని, అందులో అల్లూరి సీతారామరాజును నిలబెట్టి, ప్రజలకు తిరిగి ఇచ్చారు. సాధనం మీద అధికారం సంపాదించటం అంటే అదీ.

మన చేతిలో వున్న పనులు చిన్నవే, కాని వున్నాయి. ప్రతి కళాశాలలో నెలకు ఒక వినికిడి సభ జరపవచ్చు: ఒక విద్యార్థి ఒక పాట తేవాలి, దాని వెనక వున్న మనుషులను గురించి చెప్పాలి, అందరూ కలిసి కూర్చుని మొదటినుంచి చివరిదాకా వినాలి. ఊళ్లలో ముసలివాళ్ల పాటలను వాళ్ల అనుమతితో, వాళ్ల పేరుతో, రెండు వరసలతో సహా రికార్డు చేసి, ఆ రికార్డు వాళ్లదిగానే వుంచవచ్చు. ఆకాశవాణి నిల్వల్లో వున్న తెలుగు సంగీతం ప్రజల డబ్బుతో తయారయింది కనక ప్రజలకు ఉచితంగా తెరవమని మన సంఘం అడగవచ్చు. శ్రోత కట్టిన డబ్బు శ్రోత విన్న కళాకారుడికే చేరాలన్న డిమాండును కళాకారుల సంఘాలతో కలిసి ముందుకు తేవచ్చు. ఈ పత్రికలోనే, పుస్తక సమీక్షలకు ఇచ్చినట్టు, విన్న పాటల సమీక్షకు నాలుగు పుటలు కేటాయించవచ్చు.

వీటన్నిటికన్న పెద్దది పనిగంటల పోరాటం. తీరిక వున్న మనిషే అభిరుచిని పెంచుకోగలడు. సంగీతం మీద రాసిన వ్యాసం పనిగంటల దగ్గర తేలటం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. బ్యారన్ దగ్గర గుంజకు వేలాడే ఫోనును ఒకసారి చూసినవారికి తోచదు.

నా పద్దు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ అయిదు సినిమా పాటలనూ ఇప్పుడు తరగతిలో వెక్కిరించటం మానేశాను. వాటిలో ఒకదాన్ని విద్యార్థులతో కలిసి శ్రద్ధగా విన్నాను. చరణంలో మంచి కవిత్వమే వున్నది, అన్నేళ్లూ విన్నా నేను గమనించలేదు. కొత్తపాట అంటే వినని పాట మాత్రమే కాదని అప్పుడు అర్థమయింది. రేపు డిసెంబరులో వచ్చే పద్దులో ఏ పాటలుంటాయో నాకు తెలియదు. పేపర్లు ఈసారీ దిద్దాలి కదా, పాత పాటలే వుండవచ్చు. అమ్మమ్మ పాడిన రెండో వరస మాత్రం అందులో వుండదు. అది ఏ కంపెనీ దగ్గరా లేదు, ఆ గూడెంలో వున్నది. వచ్చే సెలవుల్లో మేము పదిమందిమి అక్కడికి వెళుతున్నాం.